నీళ్ళ గిన్నెలో నల్ల చుక్కలు: కొత్త బాల్ పైథాన్‌కి మైట్స్ పడితే

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా బాబు ఏడాదిపాటు బతిమాలి, దాచుకున్న డబ్బుతో రెండు వారాల క్రితం ఒక రెప్టైల్ షోలో చిన్న బాల్ పైథాన్ పాముని కొనుక్కొచ్చాడు. రెండడుగులు కూడా ఉండదు. మొదటి రెండ్రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత నుంచి పొద్దస్తమానం నీళ్ళ గిన్నెలోనే చుట్ట చుట్టుకుని పడుకుంటోంది. చల్లగా ఉంటుందనేమో అనుకున్నాం. నిన్న గిన్నె కడగబోతే అడుగున సన్నటి నల్ల చుక్కలున్నాయి, కొన్ని కదులుతున్నాయి. కన్ను పక్కన కూడా ఒకటి కనిపించింది. అమ్మినాయనకి మెసేజ్ పెడితే, "మామూలే, స్ప్రే కొట్టండి" అన్నాడు. మావారు ఆన్‌లైన్‌లో మైట్ స్ప్రే తెప్పించారు, ఇంకా మూత తీయలేదు. ట్యాంక్ గాజుది, పైన జాలీ మూత. లోపల చెక్కపొట్టు, ఒక చెట్టు దుంగ, కరెంటుతో వేడెక్కే రాయి, పైన ఎర్ర బల్బు. రెండుసార్లు చిట్టెలుకని పెట్టాం, ముట్టలేదు. బాపట్ల నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు. ట్యాంక్ చుట్టూ కర్పూరం, కలరా ఉండలు పెడదామంటున్నారు, నీరసంగా ఉంది, కాసిని పాలు పోయమంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఈ పురుగులు మాకు పడతాయా? కార్పెట్‌లోకి పోతాయా? పాముని వెనక్కి ఇచ్చేయమంటారా? ఇది చాలదన్నట్టు హైదరాబాద్‌లో మా చెల్లెలి కొడుకు వీడియో కాల్‌లో దీన్ని చూసి తనకీ కావాలని పేచీ పెడుతున్నాడు.

(పేరు రాయొద్దన్నారు)

సమాధానం:

అవి మైట్సే, అంటే పాము రక్తం తాగే సన్నటి పురుగులు. గిన్నెలోంచి బయటికి రాకపోవడం, నీళ్ళ అడుగున నల్ల చుక్కలు, కన్ను పక్కన పురుగు, ఈ మూడూ కలిసి కనిపించాక వేరే అనుమానం పెట్టుకోనక్కర్లేదు. మీ పాము చల్లదనం కోసం నీళ్ళలో కూర్చోలేదు. ఒంటి మీద పురుగులు కుడుతుంటే ఆ బాధ తట్టుకోలేక మునిగి కూర్చుంటోంది. ఇంకా రూఢి చేసుకోవాలంటే తెల్ల పేపర్ టవల్‌ని గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండి, దాన్ని పాము ఒంటి చుట్టూ వదులుగా పట్టుకుని అందులోంచి పాకనివ్వండి. టవల్ మీద నల్లగానో ముదురెరుపుగానో చుక్కలు అంటుకుంటాయి. కళ్ళ అంచులు, దవడ కింద నడిమి గీత, పెదవుల మీద వేడిని పసిగట్టే చిన్న గుంటలు, మలద్వారం దగ్గరి పొలుసుల అడుగు, ఇవి వాటికి ఇష్టమైన చోట్లు. పొలుసుల మీద తెల్లటి పొడి నలుసులు కనిపిస్తే అవి మైట్స్ విసర్జన.

మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఈ పురుగు పేరు ఒఫియోనిసస్ నాట్రిసిస్. ఇది బతికేది పాముల రక్తం మీద, అవి దొరకకపోతే బల్లిజాతి జీవుల రక్తం మీద. మనుషుల్ని కుట్టిన సందర్భాలు లేకపోలేదు. అలా కుడితే దురద, చిన్న దద్దుర్లు వస్తాయి. కానీ మన ఒంటి మీద కాపురం పెట్టదు, మన మంచాల్లో సంతానం పెంచుకోదు. కార్పెట్‌లోకి పోతాయా అంటే, పోతాయి. ట్యాంక్ మూత సందులోంచి బయటికి పాకుతాయి, బల్ల వెనక్కి, గోడ వారకి చేరతాయి. అయితే పాము రక్తం దొరక్కపోతే వాటికి రోజులు దగ్గరపడినట్టే. పిల్ల పురుగులు తిండి లేకుండా రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల దాకా ఉండగలవు, అంతే. అందుకని ఇల్లంతా పెస్ట్ కంట్రోల్ చేయించకండి. ఆ మందులు మైట్స్ కంటే ముందు పాముని చంపే ప్రమాదముంది.

ఇక అసలు సంగతి. స్ప్రే డబ్బా మూత తీసే ముందు మీవారూ బాబూ ఇద్దరూ ఒక విషయం అర్థం చేసుకోవాలి. పాము మీద మీకు కనిపిస్తున్నవి మొత్తం గుంపులో కొన్ని మాత్రమే. మిగతావి ట్యాంక్‌లో ఉన్నాయి. వీటి జీవితచక్రాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ కామిన్ 1953లో వివరంగా రాశాడు. అది తెలిస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. రక్తం తాగి నల్లబడ్డ ఆడది మహా అయితే గసగసం గింజంత ఉంటుంది. కడుపు నిండగానే అది పాముని వదిలి దిగి, చీకటిగా, తేమగా ఉండే సందు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. మీ ట్యాంక్‌లో అలాంటి సందులంటే దుంగ బెరడు లోపల, చెక్కపొట్టు అడుగున, గాజు మూలల్లోని సిలికాన్ అంచున, జాలీ మూత ఫ్రేమ్‌లో. జీవితంలో 60 నుంచి 80 దాకా గుడ్లు పెడుతుంది. మగదానితో కలవకపోయినా పెడుతుంది, వాటిలోంచి మగవి పుడతాయి. కాబట్టి ఒక్క ఆడది మిగిలినా కథ మళ్ళీ మొదలవుతుంది.

వెచ్చగా ఉంటే గుడ్డు ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పగులుతుంది. పుట్టిన పిల్ల ఏమీ తినదు. అది కుబుసం విడిచాక వచ్చే రెండో దశ రక్తం తాగుతుంది. మూడో దశ మళ్ళీ ఏమీ తినదు. నాలుగోది పూర్తిగా ఎదిగిన పురుగు, అది మళ్ళీ పాము మీదికి ఎక్కుతుంది. 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అంటే సరిగ్గా మీ ట్యాంక్‌లో ఉండే వేడిలో, ఇదంతా 13 నుంచి 19 రోజుల్లో పూర్తవుతుంది. ఎదిగిన పురుగు సుమారు 40 రోజులు బతుకుతుంది.

ఇప్పుడు చాలామంది చేసేదేమిటో చూడండి. ఒక్కసారి స్ప్రే కొడతారు. నాలుగు రోజులు ఏమీ కనిపించదు. హమ్మయ్య అనుకుని కొత్త చెక్కపొట్టు పోసి, దుంగ మళ్ళీ పెట్టేస్తారు. మూడో వారానికి గిన్నెలో మళ్ళీ నల్ల చుక్కలు, "ఈ మందు పని చెయ్యలేదు" అని ఇంకా ఘాటైన మందు కోసం వెతుకులాట. మందు పని చేసింది, గుడ్లు మిగిలాయి. అందుకే వైద్యం ముందు ట్యాంక్‌కి, తర్వాత పాముకి. అదీ ఒక రోజు పని అనుకోకుండా కనీసం ఆరు వారాలకి సిద్ధపడండి.

ఈ శనివారం పెట్టుకోండి. గాలి ఆడేలా చిల్లులున్న, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పాముని పెట్టండి. 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, ముట్టుకుంటే చల్లగానూ వేడిగానూ అనిపించని నీళ్ళు పొయ్యండి. ఒళ్ళు మునగాలి, తల ఎప్పుడూ పైకి పెట్టుకోగలగాలి, అంత లోతు చాలు. ఇరవై, ముప్ఫై నిమిషాలు. ఆ సేపూ బాబు అక్కడే కూర్చోవాలి, ఫోన్ చూస్తూ కాదు. మునిగిన మైట్స్ చాలావరకు చస్తాయి. ప్రాణమున్నవి తలమీదికి ఎక్కుతాయి, అందుకే స్నానం ఒక్కటే వైద్యం కాలేదు. కళ్ళ చుట్టూ గుచ్చి తీయబోకండి. పాముకి రెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొర ఒకటే ఉంటుంది, దాని అంచున గోరు తగిలినా గాయమే. ఆ పని డాక్టర్‌కి వదిలెయ్యండి.

పాము నానుతుండగా మీవారు ట్యాంక్ సంగతి చూస్తారు. చెక్కపొట్టు మొత్తం చెత్త సంచిలో పోసి, మూతి కట్టి, నేరుగా బయటి చెత్తడబ్బాలో వెయ్యాలి. గరాజ్‌లో రెండ్రోజులు పెట్టడాలు వద్దు. దుంగ కూడా అందులోకే. ఎంత ఖరీదు పెట్టి కొన్నా దానిలోపలి సందుల్ని మనం శుభ్రం చెయ్యలేం. ట్యాంక్‌ని బయటికి తీసుకెళ్ళి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు, సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో మూలలూ అంచులూ మూత ఫ్రేమూ తోమండి. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి ఇవి తట్టుకోలేవు. అయితే చల్లటి గాజు మీద మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే పగులుతుంది, చూసుకోండి. కడిగాక పూర్తిగా ఆరాలి. ట్యాంక్ పెట్టిన బల్ల, దాని వెనక గోడ, చుట్టూ కార్పెట్ వాక్యూమ్ చేసి, ఆ చెత్త కూడా అదే రోజు బయట పారేయండి. పాముని పట్టుకున్నప్పుడు వేసుకున్న బట్టలు వేడి నీళ్ళలో ఉతికి డ్రయర్‌లో వెయ్యండి.

తిరిగి లోపల పెట్టేవి తక్కువ ఉండాలి. కింద తెల్ల పేపర్ టవళ్ళు. దాక్కోవడానికి రెండు నున్నటి ప్లాస్టిక్ డబ్బాలు, పక్కన ద్వారం కోసినవి, పాము ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకైనవి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒక నీళ్ళ గిన్నె. అంతే. చూడ్డానికి ఆస్పత్రి వార్డులా ఉందని బాబు ముఖం ముడుచుకోవచ్చు, ఆరు వారాలు ఓర్చుకోమనండి. తెల్ల కాగితం మీద ఒక్క పురుగు నడిచినా తెలిసిపోతుంది, అదే దీని లాభం. కాగితాలు మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రెండు రోజులకోసారి మార్చండి. గిన్నె రోజూ కడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు. ట్యాంక్ కింద హీట్ మ్యాట్ ఉంటే, ఇన్నాళ్ళూ చెక్కపొట్టు ఆ వేడిని ఆపుతూ వచ్చింది. ఇప్పుడు గాజుకీ పాము పొట్టకీ మధ్య పల్చటి కాగితం ఒక్కటే ఉంటుంది. అందుకని థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ వాడొద్దు, దాని సెన్సార్ ఎక్కడుందో చూసుకోండి, గాజు మీద వేడి ఎంతుందో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మీరు రాసిన వేడెక్కే రాయిని మాత్రం ఈ రోజే తీసి పారేయండి. అది ఒక్కచోట విపరీతంగా కాలుతుంది, పాము పొట్ట కాలుతున్నా సమయానికి లేవదు. అలాంటి కాలిన పుళ్ళు నెలలు పడుతుంది మానడానికి. అవి ఇంకా కొట్లలో ఎందుకు అమ్ముతారో నాకు అంతుపట్టదు.

స్ప్రే విషయానికొద్దాం. మీ దగ్గరున్న డబ్బా ఏదో మీరు రాయలేదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పెర్మెత్రిన్ అని ఉంటే అది పాము మీద కొట్టేది కాదు. పాములకోసం అమ్మే పెర్మెత్రిన్ స్ప్రేలు ఖాళీ ట్యాంక్‌లో, పరిచిన కాగితం మీద పల్చగా కొట్టి, పూర్తిగా ఆరి వాసన పోయాక పాముని తిరిగి పెట్టడానికి. అప్పటిదాకా పాము వేరే డబ్బాలో, వేరే గదిలో ఉండాలి. నీళ్ళ గిన్నె బయట ఉండాలి, దాన్ని ఎప్పుడు తిరిగి పెట్టాలో, మళ్ళీ ఎన్ని రోజులకి కొట్టాలో డబ్బా మీద రాసి ఉన్నదే పాటించండి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ జోలికి వెళ్ళే ముందు డాక్టర్‌ని అడగండి, పిల్లులకి అది విషం. కుక్కల మెడ మీద పోసే మందు, చీమల స్ప్రే, తోటలో కొట్టే మందు, వీటిలోనూ ఇదే పేరు కనిపించినా మోతాదులు వేరు, కలిపిన ద్రావకాలు వేరు. వాటిని ట్యాంక్ దరిదాపులకి రానివ్వకండి.

ఫిప్రోనిల్, ఐవర్‌మెక్టిన్ పేర్లు మీకు వీడియోల్లో వినిపిస్తాయి. రెండూ పని చేస్తాయి, రెండూ డాక్టర్ చేతిలోనే ఉండాలి. మీ పాము చిన్నది, రెండు వారాలుగా తినలేదు, ఒంట్లో నీరు తగ్గి ఉండొచ్చు. అలాంటి ఒంటికి మోతాదు కొంచెం తప్పినా నరాల మీద దెబ్బ పడుతుంది, ఒళ్ళు వణుకుతుంది, తల ఆకాశం వైపు తిరిగిపోతుంది. ఐవర్‌మెక్టిన్ అయితే తాబేళ్ళని చంపేస్తుంది. బాబు స్నేహితులెవరైనా "మా తాబేలుకీ కాస్త ఇవ్వు" అంటే చచ్చినా ఇవ్వొద్దని చెప్పండి. పాతకాలపు పెంపకందార్లు పురుగుల్ని చంపే ప్లాస్టిక్ పట్టీలు ట్యాంక్‌లో వేలాడదీసేవారు. వాటిలో ఉండేది డైక్లోర్‌వాస్, ఆ ఆవిరి పాముకీ విషమే, మీ బాబు గదిలో పడుకుంటే అతనికీ మంచిది కాదు. ఆలివ్ నూనె రాయడం కొన్ని పురుగుల్ని ఊపిరాడకుండా చంపుతుంది, ట్యాంక్‌లో గుడ్లని ఏమీ చెయ్యదు, పాముని జిడ్డు చేస్తుంది.

మందులంటే బొత్తిగా ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారుంది, నాకు ఇది బాగా నచ్చుతుంది. మైట్స్‌ని వేటాడి తినే మైట్స్ ఉన్నాయి. షైలెటస్ ఎరూడిటస్ అనే జాతిని టౌరస్ అనే పేరుతో అమ్ముతారు. అవి పాముని కుట్టవు, తిండి అయిపోగానే చచ్చిపోతాయి. అయితే పెర్మెత్రిన్ కొట్టిన ట్యాంక్‌లో ఇవీ చస్తాయి, కాబట్టి ఏదో ఒక దారే ఎంచుకోవాలి. పనీ నెమ్మదిగా జరుగుతుంది. మీ పాము ఇప్పటికే నీరసపడింది కాబట్టి నేనైతే ముందు డాక్టర్‌కి చూపించి, పురుగుల జోరు తగ్గాక వీటి గురించి ఆలోచిస్తాను.

డాక్టర్ అంటే కుక్కలూ పిల్లుల డాక్టర్ కాదు, ఎక్సాటిక్ వెట్, అంటే పాముల్లాంటి అరుదైన పెంపుడు జీవుల్ని చూసే డాక్టర్. రెప్టైల్, ఉభయచర జీవుల వైద్యుల సంఘం ఎ.ఆర్.ఎ.వి. వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి వెతకొచ్చు, డాలస్ చుట్టుపక్కల దొరుకుతారు. ఈ వారంలోనే తీసుకెళ్ళండి. రక్తహీనత ఉందేమో నోటి లోపలి రంగు చూస్తారు, కళ్ళ దగ్గరి పురుగుల్ని తీస్తారు, బరువు చూసి మందు చెప్తారు. మైట్స్ కేవలం రక్తం తాగి ఊరుకోవు, ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాని ఒక పాము నుంచి ఇంకో పాముకి మోస్తాయి. పొట్ట పొలుసులు ఎర్రబారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, పట్టుకుంటే తాడులా వేలాడటం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మీ అత్తయ్యగారి కర్పూరం, కలరా ఉండలు రెండూ వద్దు. కలరా ఉండల్లో నాఫ్తలీన్ ఉంటుంది, మూసి ఉన్న గాజు పెట్టెలో దాని ఆవిరి పీల్చితే చిన్న పాముకి ప్రాణం మీదికొస్తుంది. కర్పూరం పొగా అంతే, పాము ఊపిరితిత్తులు సున్నితం. వేపనూనె, పసుపు సంగతి కూడా ఆవిడ ఈపాటికి అడిగే ఉంటారు, అవీ వద్దనే చెప్పండి. పాలు అసలే వద్దు. పాము పాలని అరిగించుకోలేదు. నాగుల చవితినాడు పుట్ట దగ్గర పాము పాలు తాగిందంటే అది దాహంతో ఎండిపోయి ఉందని అర్థం. శుభ్రమైన నీళ్ళు చాలు.

కానీ ఆవిడ ఒక మాట సరిగ్గా పట్టుకున్నారు, పాము నీరసంగా ఉందని మీ అందరి కంటే ముందు గమనించారు. ఆ కళ్ళని వాడుకోండి. ఒక క్యాలెండర్ ఇచ్చి, కాగితం మార్చిన రోజు, పురుగులు కనిపించిన రోజు, గిన్నెలో కూర్చున్న రోజు రాయమనండి. ఆరు వారాల తర్వాత మీ డాక్టర్ అడిగేది ఆ క్యాలెండరే. కాకపోతే ఆవిడ పాముని గానీ ట్యాంక్ సామాన్లని గానీ ముట్టుకోకూడదు. పాములు ఆరోగ్యంగా ఉన్నా మనుషులకి జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మోస్తాయి. 65 దాటినవాళ్ళు, అయిదేళ్ళలోపు పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు వాటికి దూరంగా ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. పాము గిన్నె వంటింటి సింకులో కడగొద్దు. స్నానం నీళ్ళు టాయిలెట్‌లో పారబోయండి. బాబు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఫ్రిజ్ తలుపు ముట్టుకోవాలి.

ఫ్రిజ్ మాట వచ్చింది కాబట్టి, గడ్డకట్టిన చిట్టెలుకల ప్యాకెట్టు కూరగాయల పక్కన పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. గడ్డకట్టినంత మాత్రాన వాటి మీది క్రిములు చావవు. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ ఒకటి పెట్టేస్తే మీకూ మనశ్శాంతి, ఇంట్లో గొడవా ఉండదు. మైక్రోవేవ్‌లో వేడి చెయ్యడం ఎప్పుడూ వద్దు. ముందురోజు రాత్రి ఆ ఫ్రీజర్ నుంచి మూత ఉన్న డబ్బాలోకి తీసి చల్లటి చోట కరగనిచ్చి, పెట్టే ముందు సంచితో సహా వేడి నీళ్ళలో ఉంచితే ఒళ్ళు వెచ్చబడుతుంది. బాల్ పైథాన్ వేడిని బట్టే తిండిని గుర్తుపడుతుంది.

తినకపోవడం గురించి ఇప్పుడే గాబరా పడకండి. కొత్త ఇంటికి వచ్చిన బాల్ పైథాన్ ముడుచుకుని తిండి మానేయడం మామూలే, దాని పేరులోని బంతి ఆ ముడుచుకోవడం వల్ల వచ్చిందే. పెద్దవి నెలల తరబడి ఉపవాసం ఉంటాయి, పిల్లలకి అంత ఓపిక ఉండదు. ట్యాంక్ శుభ్రం చేసిన రోజు నుంచి ఒక వారం తిండి పెట్టే ప్రయత్నం మానేయండి, వైద్యానికి తప్ప ముట్టుకోవద్దు, స్నేహితులకి చూపించొద్దు. వెచ్చటి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 75 నుంచి 80 ఉండేలా చూడండి. ఎర్ర బల్బు రాత్రిపూట ఆపేయండి, గది చల్లబడితే వెలుతురు రాని సిరామిక్ హీటర్‌ని థర్మోస్టాట్‌తో వాడండి. తర్వాత ఒళ్ళు లావున్న చోటి మందానికి మించని చిట్టెలుకని సాయంత్రం చీకటిపడ్డాక పటకారుతో చూపించండి. తీసుకోకపోతే వారం ఆగండి. ప్రాణమున్న ఎలుకని వదిలి వెళ్ళొద్దు, నీరసంగా ఉన్న పాముని అదే కొరుకుతుంది. గ్రాముల త్రాసు ఒకటి కొని, అది దీనికే కేటాయించి, వారానికోసారి తూచండి. కొన్నప్పటి బరువులో పదోవంతు తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

తేమ విషయంలో రెండు అవసరాలు ఎదురుబొదురు నిలబడతాయి. మైట్స్‌కి తేమ ప్రాణం, పొడి గాలికి ఎండిపోతాయి. పాముకి మామూలుగా 55 నుంచి 65 శాతం తేమ కావాలి, లేకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. వైద్యం జరిగినన్నాళ్ళు ట్యాంక్‌ని కాస్త పొడిగా ఉంచి, వారానికి రెండుసార్లు స్నానంతో ఆ లోటు తీర్చండి. కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం దగ్గరపడిందని, అప్పుడు ఒక దాపులో తడి పేపర్ టవల్ పెట్టి, కుబుసం విడిచిన వెంటనే తీసేయండి. విడిచిన కుబుసంతో పాటు చాలా మైట్స్ కూడా వస్తాయి, దాన్ని గుర్తుగా దాచుకుంటానంటే మాత్రం ఈసారికి ఒప్పుకోకండి.

చివరి పురుగు కనిపించిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. మధ్యలో ఒక్కటి కనిపించినా లెక్క మళ్ళీ మొదటి నుంచి. అది పూర్తయ్యాకే కొత్త చెక్కపొట్టు, దుంగ. ఈలోపు ఇంకో పాముని తేవొద్దు, బాబు ఇంకో పాము ఉన్న స్నేహితుడి ఇంటికి అదే చొక్కాతో వెళ్ళొద్దు.

వెనక్కి ఇచ్చేయమంటారా అని అడిగారు. నేనైతే ఇవ్వను. అమ్మినాయన "మామూలే" అన్నాడంటే ఆయన మిగతా పాముల దగ్గర కూడా ఇవే ఉన్నాయన్నమాట, అక్కడికి పంపితే దీనికి వైద్యం జరగదు. ఫొటోలు తీసి పంపి, డాక్టర్ ఖర్చులో భాగం అడగండి, ఇవ్వకపోతే ఇంకోసారి అక్కడ కొనకండి. మైట్స్ తగ్గిపోయే జబ్బు. మీరు నిజంగా ఆలోచించాల్సింది వేరే ఉంది. బాల్ పైథాన్ ఇళ్ళలో 20, 30 ఏళ్ళు బతుకుతుంది. 1961లో సెయింట్ లూయిస్ జూకి వచ్చిన ఒక ఆడది, 62 ఏళ్ళు దాటిందని జూ వాళ్ళు అంచనా వేసిన వయసులో, 2020 జూలైలో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి 15 ఏళ్ళకు పైగా మగపాము దాని దగ్గరికే వెళ్ళలేదు. మీ బాబు నాలుగేళ్ళలో కాలేజీకి వెళ్తాడు, డార్మ్‌లో పాముని ఒప్పుకునేవాళ్ళు అరుదు. అప్పుడు కాగితాలు మార్చేది ఎవరో ఇప్పుడే మాట్లాడుకోండి. టెక్సస్‌లో రెటిక్యులేటెడ్ పైథాన్, గ్రీన్ అనకొండ లాంటి పెద్దవాటికి పర్మిట్ కావాలి గానీ బాల్ పైథాన్‌కి అక్కర్లేదు. అద్దె ఇల్లయితే లీజు చదవండి. ఇండియాకి వచ్చేద్దామనుకుంటే దీన్ని సామానుతో తెచ్చుకోలేరు. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి ఇది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

హైదరాబాద్ అబ్బాయికి మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండుతలల పాము ఏది ఇంట్లో పెట్టుకున్నా నేరం. విదేశీ పాము కదా అంటే, 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. బాల్ పైథాన్ లాంటి సైటీస్ జీవి ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, చేతులు మారినా, పిల్లల్ని పెట్టినా, చచ్చిపోయినా తెలియజెయ్యాలి. కాగితాలు లేకుండా చవగ్గా దొరికిన పాము అంటే ఇంటికి అటవీశాఖ వాళ్ళు వచ్చే అవకాశం కూడా దాంతోపాటే కొనుక్కున్నట్టు. అంత ఇష్టమైతే నెహ్రూ జూ పార్కులో పాములున్నాయి, ఎన్నిసార్లయినా చూసి రావచ్చు. పెద్దయ్యాక కూడా ఆ ఆసక్తి నిలిస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళ దగ్గర శిక్షణ తీసుకోవచ్చు, ఇళ్ళలోకొచ్చిన పాముల్ని పట్టి అడవిలో వదిలే వలంటీర్లు వాళ్ళే.